అడిగినవాడి పూచీ

ఎదురుపడ్డ మనిషిని "బాగున్నారా" అని అడుగుతాం. "ఆఁ, బాగున్నామండీ" అంటారు. తెలంగాణలో "మంచిగున్నవా" అంటే "ఆ, మంచిగనే ఉన్న" అంటారు. రాయలసీమలో "బాగుండావా" అంటే "బాగుండాను" అంటారు. ఆ జవాబిచ్చిన మనిషికి ముందు రాత్రి కంటిమీద కునుకు లేకపోయి ఉండవచ్చు. ఇంట్లో మాటామాటా పెరిగి రెండు రోజులుగా ఎవరూ సరిగ్గా అన్నం తినకపోయి ఉండవచ్చు. అప్పిచ్చినవాడు పొద్దున్నే గుమ్మంలో నిలబడి నాలుగు మాటలు అనేసి పోయి ఉండవచ్చు. అయినా నోటికి వచ్చేది ఆ ఒక్క మాటే. సత్యాన్ని మించిన ధర్మం లేదని చెప్పుకునేవాళ్లం మనం. హరిశ్చంద్ర నాటకం కోసం తెల్లవార్లూ చాపలు పరుచుకుని కూర్చున్న ఊళ్లు మనవి. మరి పూటపూటా, ఏ సంకోచమూ లేకుండా, లేని క్షేమాన్ని ఉన్నట్టు చెప్తున్నామా? చెప్తే అది దోషమా? ఇది చాదస్తపు ప్రశ్న అని తోసెయ్యడం తేలికే. కానీ సత్యం గురించి మనం నమ్మే సిద్ధాంతం ఏదైనా సరే, ఇంత మామూలు చోట నిలబడకపోతే పెద్ద పరీక్షల్లో నిలబడుతుందని నమ్మడం కష్టం.

హార్వీ సాక్స్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త ఈ సంగతిని పట్టుకుని 1975లో వెలువడిన ఒక వ్యాసంలో, అందరూ అబద్ధమాడక తప్పదని తేల్చాడు. ఆయన చూపిన కారణం గట్టిది. "బాగున్నాను" అంటే ఆ సంగతి అక్కడితో ఆగుతుంది. "బాగోలేదు" అంటే మాత్రం అడిగినవాడు "ఏమైంది" అనక తప్పదు, అన్నాక ఇవతలివాడు చెప్పక తప్పదు. అయితే మన ప్రతి కష్టమూ వినడానికి ప్రతి మనిషీ తగినవాడు కాదు. మొగుడితో తగువును కూరగాయలబండి దగ్గర చెప్పుకోలేం. కొడుకు చదువు ఆగిపోయిన సంగతి ఆఫీసు లిఫ్టులో మాట్లాడుకునేది కాదు. అడిగేవాళ్లేమో ఎక్కడపడితే అక్కడ అడుగుతారు. కాబట్టి ఆ కష్టం బయటపడకుండా ఆపే మార్గం "బాగున్నాను" ఒక్కటే. ఈ లెక్క కాదనలేనిది. దాన్ని అబద్ధం అనడం దగ్గరే నాకు పేచీ.

అబద్ధం కాదని చెప్పడానికి ఒక అడ్డదారి ఉంది, ముందు దాన్ని మూసేయాలి. 1923లో మలినౌస్కీ అనే మానవశాస్త్రవేత్త, న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో తాను చూసినదాన్ని ఆధారం చేసుకుని, పలకరింపు మాటలకు చెప్పుకోదగ్గ అర్థం ఉండదన్నాడు. మనుషుల మధ్య మౌనం భయం కలిగిస్తుందనీ, దాన్ని పోగొట్టి ఒకరినొకరికి దగ్గర చెయ్యడమే ఆ మాటల పని అనీ ఆయన వాదం. దాని ప్రకారం "బాగున్నారా" అనేది ప్రశ్నే కాదు, "బాగున్నాం" అనేది జవాబే కాదు, ఇక అబద్ధమన్న మాటకు తావే లేదు. వినడానికి హాయిగా ఉంది. కానీ మన ఇళ్లలో జరిగేది చూస్తే ఇది నిలవదు. చావు జరిగిన ఇంటికి పలకరింపుకు వెళ్లినప్పుడు గుమ్మంలో నిలబడి "బాగున్నారా" అని ఎవరూ అనరు. తెలియని పిల్లవాడు అంటే పక్కనున్న పెద్దవాళ్లు చెయ్యి పట్టి వెనక్కి లాగుతారు. వెళ్లేటప్పుడు "వెళ్లొస్తాం" అని కూడా అనకుండా లేచి వచ్చేస్తారు. అర్థం లేని మాటే అయితే అక్కడ దాన్ని నోట్లోనే ఆపుకోవలసిన అవసరం ఏముంది? పగపట్టిన అన్నదమ్ములు మొదట మానేసేది కూడా ఈ పలకరింపునే. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో ఒకరు పెళ్లిలో "ఎలా ఉన్నావురా" అంటే కళ్లనీళ్లు పెట్టుకునేదీ ఈ మాటకే. ఊరికే శబ్దమైతే అంత పని చెయ్యదు. ఆ ప్రశ్నకు అర్థం ఉంది, జవాబుకూ ఉంది. కాబట్టి జవాబులో నిజం ఎంత అన్న ప్రశ్న మళ్లీ మన ముందుకే వస్తుంది.

మాట జరిగినదానితో సరిపోవడమే నిజం, సరిపోకపోవడమే అబద్ధం అని మనం మామూలుగా అనుకుంటాం. మహాభారతం ఈ లెక్కను ఒప్పుకోలేదు. కురుక్షేత్రంలో ద్రోణుడు ధర్మరాజును అడిగింది కూడా ఒక క్షేమప్రశ్నే: నా కొడుకు అశ్వత్థామ బతికున్నాడా లేదా? అశ్వత్థామ అనే ఏనుగు చచ్చిన మాట వాస్తవం. ధర్మరాజు పలికిన పలుకుల్లో అక్షరాలా తప్పు పట్టడానికి లేదు. అయినా అంతవరకూ నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం నేలను తాకింది. ఎందుకంటే ద్రోణుడు ఆ జవాబునే నమ్ముకుని ఆయుధం కిందపెట్టబోతున్నాడు, ఆ సంగతి ధర్మరాజుకు తెలుసు. అబద్ధం ఉన్నది మాటలో కాదు, ఎదుటివాడి నమ్మకాన్ని వాడుకోవడంలో. దీన్ని తిరగేసి చూస్తే మన "బాగున్నాను" సంగతి తేలుతుంది. బస్టాండులో కలిసిన పరిచయస్తుడికి ఆ మాట చెప్తే, అది జరిగినదానితో సరిపోకపోవచ్చు. కానీ దాన్ని నమ్మి ఆయన ఏ నిర్ణయమూ తీసుకోడు, మోసపోడు కూడా. చెప్పినవాడికి నిజంగా ఏ కష్టమూ లేదని ఆయనే అనుకోడు. సత్యం విషయంలో చీమంత సడలింపు ఇవ్వని జర్మన్ తత్వవేత్త కాంట్ కూడా 1797 నాటి తన నీతిగ్రంథంలో, ఉత్తరం చివర "మీ విధేయ సేవకుడు" అని రాస్తే అబద్ధమవుతుందా అని ప్రశ్న వేసుకుని, దానితో మోసపోయేవాడు ఎవడూ లేడని గుర్తించాడు.

ఇంతవరకూ ఒప్పుకున్నవాళ్లు కూడా ఒక మెట్టు దగ్గర ఆగుతారు. మోసం లేకపోవచ్చు, కానీ ఉన్నది దాచడం ఉంది కదా, దాచడం సత్యవ్రతానికి సరిపడుతుందా అంటారు. దీనికి నేను చూసినవాటిలో అన్నిటికన్నా లోతైన ఉదాహరణ బైబిలు పాత నిబంధనలో, రాజుల రెండవ గ్రంథం నాలుగో అధ్యాయంలో ఉంది. షూనేము అనే ఊరి స్త్రీకి లేక లేక ఒక కొడుకు. కోతలు జరుగుతున్న పొలంలో తండ్రి దగ్గరికి వెళ్లిన పిల్లవాడు తల నొప్పి, తల నొప్పి అని అరిచాడు. పనివాడు ఎత్తుకొచ్చి తల్లికి అప్పగించాడు. మధ్యాహ్నం దాకా ఆమె ఒళ్లోనే ఉండి ప్రాణం విడిచాడు. ఆమె వాణ్ణి మేడమీద ప్రవక్త ఎలీషా కోసం వేసి ఉంచిన మంచంమీద పడుకోబెట్టి, తలుపు మూసి, భర్తకు కబురు పెట్టి గాడిద కావాలంది. ఇవాళ అమావాస్య కాదు, విశ్రాంతిదినం కాదు, ప్రవక్త దగ్గరికి ఎందుకని భర్త అడిగితే, అంతా మంచిదే అని బయల్దేరింది. కర్మెలు పర్వతం దగ్గర ఆమెను దూరం నుంచే చూసిన ఎలీషా తన పనివాడు గేహజీని ఎదురు పంపాడు. నీవు క్షేమమా, నీ భర్త క్షేమమా, బిడ్డ క్షేమమా అని వరసగా అడగమన్నాడు. ఆమె గేహజీతోనూ క్షేమమనే అంది. కొడుకు శవం మేడమీద ఉంది. అక్కడి నుంచి కొన్ని అడుగులు వేసి, ఎలీషాను చేరి, ఆయన కాళ్లు పట్టుకుని గుండె పగిలేలా చెప్పుకుంది. ఆమెను పక్కకు తోసెయ్యబోయినవాడు గేహజీ. వదిలెయ్యి, ఆమె ప్రాణం చేదెక్కి ఉంది అన్నవాడు ఎలీషా.

ఈ స్త్రీని ఆ గ్రంథం ఎక్కడా అబద్ధాలకోరు అనలేదు. ఆమె నిజాన్ని దాచలేదు, దాన్ని చేరాల్సిన చోటికి మోసుకుపోతోంది. దారిలో అడిగినవాడికల్లా విప్పి చూపించి ఉంటే అక్కడిదాకా వెళ్లే శక్తి ఆమెకు మిగిలేదా అని కూడా ఆలోచించాలి. గేహజీ అడిగాడంటే పంపితే వచ్చి అడిగాడు. తర్వాత ఎలీషా తన చేతికర్రను గేహజీకి ఇచ్చి పిల్లవాడి ముఖంమీద పెట్టమని ముందు పంపినా ఏమీ కాలేదు. నిన్ను వదలను అని ఆ తల్లి పట్టుబడితే ఎలీషా స్వయంగా వెళ్లాడు. ఇంకొకరి తరఫున అడగడమూ, ఇంకొకరి చేత చేయించడమూ అక్కడ పనికిరాలేదు. భర్తకు కూడా చెప్పకపోవడం మాత్రం నాకు మింగుడుపడదు, బిడ్డ ఆయనకూ బిడ్డే. కాని పిల్లవాడు తల నొప్పి అని అరిచినప్పుడు తాను కదలకుండా పనివాడి చేత పంపించింది ఆయనే. ఆ తల్లి ఆ సంగతి మరిచిపోయి ఉండదు. మన భారతంలోనూ ఇలాంటి ఘట్టం ఒకటుంది. పాండవులు అడవుల్లోనూ అజ్ఞాతంలోనూ ఉన్న పదమూడేళ్లూ విదురుడి ఇంట్లో తలవంచుకుని బతికిన కుంతి, రాయబారానికి వచ్చిన మేనల్లుడు కృష్ణుడు ఎదురుగా కూర్చోగానే, చిన్నప్పుడు తండ్రి తనను కుంతిభోజుడికి దత్తత ఇచ్చేసిన సంగతితో సహా ఒక్కొక్కటే చెప్పుకుని ఏడ్చింది. వినేవాడు దొరికేదాకా ఆ గోడు లోపలే ఉంది.

కాంట్ ఇక్కడ అడ్డొస్తాడు. సత్యాన్ని పొందే హక్కు ఉన్నవాడికే సత్యం బాకీ అని ఫ్రెంచి రచయిత బెంజమిన్ కాన్‌స్టాంట్ అంటే, కాంట్ అదే 1797లో జవాబు రాస్తూ, సత్యం ఒకరికి ఇచ్చి ఒకరికి ఎగ్గొట్టేది కాదు, చంపడానికి తరుముకొచ్చినవాడు మిత్రుడు ఎక్కడున్నాడని అడిగినా అబద్ధం చెప్పరాదు అన్నాడు. ఇదే కథ మన కర్ణపర్వంలో ఎదురు తీర్పుతో ఉంది. కౌశికుడనే తపస్వి, దొంగలు అడిగితే నిజమే చెప్తానన్న వ్రతంతో జనం దాక్కున్న చోటు చూపించి నరకానికి పోయాడని కృష్ణుడు అర్జునుడికి చెప్తాడు. నేను కౌశికుడి కథ పక్షాన ఉన్నాను. అయితే కాంట్ భయాన్ని కొట్టిపారెయ్యను. "తగినవాడికే చెప్తాను" అన్న మాట చేతికి దొరికితే మనిషి దాన్ని ఎంతదూరమైనా సాగదీస్తాడు. తగినవాడు ఎవడో తేల్చేది చెప్పేవాడే అయినప్పుడు, ఎవడూ తగడు అని తేల్చుకుని చివరిదాకా మూసుకుని కూర్చోవచ్చు కూడా. అందుకే బరువంతా జవాబు చెప్పేవాడి మీదే వేసి ఈ వాదాన్ని ముగించలేం. ఇందులో సగం కన్నా ఎక్కువ పూచీ అడిగినవాడిది. క్షేమప్రశ్న అడగడమంటే, జవాబు "బాగోలేదు" అయితే ఏం చేస్తావన్నదానికి ముందే కట్టుబడి ఉండటం.

ఆ కట్టుబాటు ఎలా ఉంటుందో బౌద్ధ గ్రంథాల్లో దగ్గర్నుంచి కనిపిస్తుంది. జబ్బుపడ్డ భిక్షువు దగ్గరికి బుద్ధుడు వెళ్లినప్పుడల్లా అడిగే ప్రశ్న ఒకటే పద్ధతిలో ఉంటుంది: ఓర్చుకోగలుగుతున్నావా, నెట్టుకురాగలుగుతున్నావా, నొప్పులు తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా? రాజగృహంలో ఒక కుమ్మరి ఇంట్లో మంచాన పడ్డ వక్కలి, బుద్ధుణ్ణి చూసి లేవబోతే, లేవకు అని కూర్చుని ఇదే అడిగాడు. ఓర్చుకోలేకపోతున్నాను, నొప్పులు పెరుగుతున్నాయే కాని తగ్గడం లేదు అన్నాడు వక్కలి. ఈ జవాబు కూడా ఆ గ్రంథాల్లో చాలామంది నోట అదే మాటల్లో వస్తుంది. అలవాటుగా అడిగే ప్రశ్నకు నిజమైన "లేదు" కూడా అలవాటు జవాబు కావచ్చని దీనివల్ల తెలుస్తోంది. దానికి కారణం భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో ఉంది. విరేచనాల జబ్బుతో తన మలంలోనే పడి ఉన్న ఒక భిక్షువును బుద్ధుడూ ఆనందుడూ చూశారు. నిన్ను చూసేవాళ్లు ఎవరూ లేరా అంటే లేరన్నాడు. ఎందుకని అంటే, నావల్ల వాళ్లకు ఏ ఉపయోగమూ లేదు కనుక అన్నాడు. బుద్ధుడు నీళ్లు తెప్పించి పోశాడు, ఆనందుడు ఒళ్లు కడిగాడు. తలవైపు ఒకరూ కాళ్లవైపు ఒకరూ పట్టి మంచంమీదికి చేర్చారు. ఆ తర్వాతే భిక్షువులందర్నీ పిలిచి, మీకిక్కడ తల్లీ తండ్రీ లేరు, మీరే ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని మందలించాడు. అడిగినవాడు నీళ్లు పోస్తాడని తెలిసిన చోట జవాబు దాచాల్సిన పని ఉండదు.

అడగడంలో ఇంకో మేలైన పద్ధతి వాల్మీకి చూపించాడు. చిత్రకూటంలో భరతుణ్ణి చూడగానే రాముడు వేసిన కుశలప్రశ్నలు అయోధ్యకాండలో డెబ్బైకి పైగా శ్లోకాలు సాగుతాయి. నాన్న ఎలా ఉన్నాడు, అమ్మలు ఎలా ఉన్నారు అన్నవాటితో ఆగకుండా, సైనికులకు జీతభత్యాలు ఆలస్యం లేకుండా అందుతున్నాయా అన్నదాకా వెళ్తాడు. సభాపర్వంలో నారదుడు ధర్మరాజును ఇలాగే అడుగుతూ, గుడ్డివాళ్లనూ మూగవాళ్లనూ దిక్కులేనివాళ్లనూ తండ్రిలా చూస్తున్నావా అంటాడు. రాజనీతి పాఠంగా వీటిని చదువుతాం, అది నిజమే. కానీ ఒక్కొక్క సంగతినీ పేరుపెట్టి అడిగితే, ఒక్క "బాగున్నాం"తో దాటెయ్యడం ఎంత కష్టమో కూడా ఇందులో ఉంది.

నా వాదానికి అన్నిటికన్నా బలమైన అభ్యంతరం వేరే చోటినుంచి వస్తుంది. చెప్పాలా వద్దా అని ఎంచుకునే స్వేచ్ఛ అందరికీ ఉన్నట్టు మాట్లాడుతున్నావు, అది ఎప్పుడూ అందరికీ లేదు కదా అని. ఇది న్యాయమైన మాట. మనుస్మృతి రెండో అధ్యాయం బ్రాహ్మణుణ్ణి కుశలం, క్షత్రియుణ్ణి అనామయం, వైశ్యుణ్ణి క్షేమం, శూద్రుణ్ణి ఆరోగ్యం అడగమంటుంది. నాలుగు వర్ణాల బయటివాళ్లను ఏమడగాలో ఆ శ్లోకంలో లేదు. పలకరింపులో కూడా మెట్లు కట్టారు, చివరి మెట్టు కింద ఉన్నవాళ్లను అసలు పలకరించనే లేదు. తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు గడీ ముందు నిలబడ్డ మనిషిని దొర ఏమడిగినా "బాంచెన్ దొరా, నీ కాల్మొక్త" అనడం తప్ప మార్గం ఉండేది కాదు. ఆ జవాబును అబద్ధం అనగలిగే ధైర్యం ఏ నీతిశాస్త్రానికీ ఉండకూడదు. 1946 నుంచి 1951 దాకా అక్కడ సాగిన రైతుల సాయుధ పోరాటం భూమితోపాటు ఆ జవాబును కూడా మార్చింది. ఇవాళ్టికీ అత్తగారు పక్కన కూర్చుని ఉండగా ఫోన్లో తల్లి "బాగున్నావా అమ్మా" అంటే, కొత్తకోడలు "బాగున్నానమ్మా" అనక ఏమంటుంది? ఈ అభ్యంతరం నా మాటను పడగొట్టడం లేదు, ఇంకా బిగిస్తోంది. నిజం చెప్పే వీలు లేని చోట నిలబెట్టి అడిగితే, వచ్చిన జవాబులోని అసత్యం అడిగినవాడి ఖాతాలోకే పోవాలి. కూతురు ఒంటరిగా ఉండే వేళ కనుక్కుని మళ్లీ ఫోన్ చెయ్యడం ఆ తల్లి పని.

భక్తుల జవాబు సంగతి వేరు. "దేవుడి దయ", "అల్‌హమ్దులిల్లాహ్", "ప్రభువు కృప" అని రోగి కూడా అంటాడు. అది ఒంటి స్థితి గురించిన సమాచారం కాదు, దేవుడికి చెప్పుకునే కృతజ్ఞత, కనుక అందులో అబద్ధానికి చోటు లేదు. అయితే ఆ మాటను అడ్డుపెట్టి బాధపడేవాడి నోరు మూయించడం అన్ని మతాల్లోనూ చూస్తున్నాం. ఏడిస్తే విశ్వాసం తక్కువైనట్టు లెక్క. బైబిలులోని యోబు కథ అలా అనడం లేదు. తన బాధను దాచకుండా దేవుడితోనే వాదులాడిన యోబు సరిగా మాట్లాడాడనీ, దేవుణ్ణి వెనకేసుకొచ్చిన స్నేహితులు సరిగా మాట్లాడలేదనీ చివర దేవుడే తేలుస్తాడు.

ఇక దూరాన ఉన్నవాళ్లు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల ఫోన్లలో రెండువైపులా "మంచిగనే ఉన్న" అన్న మాటే నడుస్తుంది. అక్కడ జీతం ఆగిందని, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఇరుక్కుందని ఇతను చెప్పడు. ఇక్కడ మిత్తి పెరిగిందని, అమ్మకు పానం బాగుంటలేదని వాళ్లు చెప్పరు. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్‌లో అడిగితే, బాత్‌రూమ్‌లో జారిపడిన తల్లి దెబ్బ తగిలిన చెయ్యి ఫోనుకు కనిపించకుండా పెట్టుకుని "మేం కులాసానే" అంటుంది. కంగారుపడతాడని. ఇక్కడ నేను మొదట గీసిన గీత దాటినట్టే. ఆ కొడుకు ఆ జవాబును నమ్మి ఈ ఏడాది రానక్కర్లేదని నిర్ణయించుకుంటాడు. ద్రోణుడిలాగే అతను నమ్మి ఒక పని చేస్తున్నాడు. కాబట్టి ఆ తల్లి చెప్పింది, ఎంత ప్రేమతో చెప్పినా, అబద్ధమే. డాక్టరు అడిగినప్పుడు "పర్లేదండీ" అనే రోగి మాట కూడా అంతే. ప్రేమ ఆ దోషాన్ని తగ్గిస్తుందేమో కాని తుడిచెయ్యదు. కానీ అటువైపు కూడా చూడాలి. ఆదివారం పావుగంట, పిల్లలు మధ్యలో అరుస్తుండగా, "అంతా ఓకేనా" అని అడిగితే "ఓకే" తప్ప ఇంకే జవాబుకు సందు దొరుకుతుంది? మెట్లు ఎక్కగలుగుతున్నావా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు, నిన్న వంట ఎవరు చేశారు అని రాముడిలా ఒక్కొక్కటే అడిగి, ఆ చెయ్యి ఏదీ చూపించు అనేదాకా వెళ్లాలి.

ప్రతి పలకరింపుకూ ఇంత పూచీ తగిలిస్తే జనం పలకరించడమే మానేస్తారు కదా అని చివరి సందేహం. మానెయ్యరు. రోజూ వీధిలో ఎదురయ్యే "బాగున్నారా"లో ఉన్నది నీ మంచి కోరేవాణ్ణే అన్న భావం. ఆ కోరిక నిజమైతే ఆ మాట నిజమే, అక్కడ ఇంకేమీ అక్కర్లేదు. పూచీ మొదలయ్యేది జవాబు కాస్త తడబడినప్పుడు. మన జనానికి "బాగున్నాను"కూ "బాగోలేదు"కూ మధ్య ఇంకో జవాబు కూడా ఉంది: "ఏదో, ఇలా ఉన్నామండీ", "ఏదో నడుస్తోంది". అందులో అబద్ధం లేదు, ఫిర్యాదూ లేదు. ఆ మనిషి తన కష్టాన్ని మన ముందు పెట్టకుండానే, వినే ఓపిక మనకు ఉందో లేదో చూస్తున్నాడు. బస్సు వచ్చేస్తోందని నిజంగానే తొందర ఉంటే, సాయంత్రం ఇంటికొస్తానని చెప్పి వెళ్లాలి. తొందర లేకపోతే అక్కడే ఆగి "ఏం, అలా అన్నారేం?" అని అడగాలి.